లెక్క చూస్తే అర్థమవుతోంది, రాయమంటే రావడం లేదు: గణితం పరీక్షకు ఆరు వారాలుంది, ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: తెల్లకాగితం

మా అమ్మాయి ఇంకో ఆరు వారాల్లో సెకండరీ గణితం పరీక్ష రాయబోతోంది. పేపరు 100 మార్కులకు, సమయం 3 గంటలు, కాలిక్యులేటర్ వాడనివ్వరు. పాఠాలన్నీ అయిపోయాయి. నమూనా పరీక్షలు మూడు రాస్తే 52, 58, 55 వచ్చాయి. సూత్రాలు అడిగితే గడగడా అప్పజెబుతుంది. పుస్తకంలో సాధించిన లెక్క చూపిస్తే "ఇది నాకు వచ్చు" అంటుంది. పుస్తకం మూసి అదే లెక్క ఇస్తే మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. రోజుకు రెండు గంటలు లెక్కలకే పెట్టగలదు.

ఏ అధ్యాయం నుంచి మొదలుపెట్టాలి? రోజుకు ఎన్ని లెక్కలు చేయించాలి? బాగా వచ్చిన లెక్కల్లో కూడా ప్లస్సులూ మైనస్సులూ తారుమారు చేస్తోంది, దానికేం చేయాలి? సాంఖ్యకశాస్త్రంలో, క్షేత్రమితిలో సూత్రం సరిగ్గానే రాసి కూడా జవాబు తప్పుతోంది. అది ఎక్కడ తేడా కొడుతోందో నాకు అంతుపట్టడం లేదు.

జవాబు 1: వర్గమూలం

ఏ అధ్యాయం అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ మూడు జవాబు పత్రాలూ దగ్గర పెట్టుకుని కూర్చోండి. మార్కు పోయిన ప్రతిచోటా పక్కన ఒక అక్షరం వేయండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే "మొ", సూత్రం తప్పు రాస్తే "సూ", గుర్తులో గానీ కూడికలో గానీ ప్రశ్నలోని అంకె చూసి రాయడంలో గానీ తప్పితే "లె", వచ్చి కూడా టైం చాలక వదిలేస్తే "టై". ఒక్కో అక్షరం కింద ఎన్ని మార్కులు పోయాయో కూడండి. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. "లె" కింద 20 మార్కులు పోతున్న పిల్ల చేత కొత్త లెక్కలు వంద చేయించినా ఆ 20 అలాగే పోతాయి.

మీరు చెప్పినదాన్నిబట్టి "మొ" ఎక్కువగా ఉంటుందనిపిస్తోంది. సాధించిన లెక్క చదువుతున్నప్పుడు ప్రతి లైనూ ముందు లైనులోంచి సహజంగా వచ్చినట్టే కనిపిస్తుంది. ఆ తర్వాతి లైనును ఎంచుకునే పని మాత్రం పుస్తకమే చేసేసింది. పరీక్షలో మార్కులు ఆ ఎంపికకే. అందుకని ఇలా చేయించండి. లెక్క ఒకసారి చదివాక పుస్తకం మూసి, పది నిమిషాలు వేరే పని చూసుకుని, తెల్ల కాగితం మీద మొత్తం రాయాలి. ఎక్కడ ఆగిందో అక్కడ పుస్తకం తెరిచి ఆ ఒక్క లైను మాత్రమే చూసి మళ్ళీ మూసేయాలి. ఏ లైను కోసం పుస్తకం తెరిచిందో నోటుబుక్కులో కారణంతో సహా రాయాలి. "ఏటవాలు ఎత్తు ఇవ్వలేదు కాబట్టి ముందు పైథాగరస్" అన్నట్టు, ఒక్క వాక్యం చాలు. అదే లెక్కను అంకెలు మార్చి మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్ళీ రాయించండి. మూడుసార్లూ పుస్తకం తెరవకపోతే ఆ లెక్క వచ్చినట్టు లెక్క.

ఇంకో పెద్ద లోపం అభ్యాసాలు వరసగా చేయడంలో ఉంది. "అంకశ్రేఢులు" అనే శీర్షిక కింద ఉన్న పది లెక్కలూ అంకశ్రేఢులవే అని చదవకముందే తెలిసిపోతుంది. పరీక్ష పేపర్లో శీర్షికలుండవు. ఈ మూడూ చూడండి:

దీర్ఘచతురస్రం చుట్టుకొలత 28 మీ., పొడవు వెడల్పు కన్నా 2 మీ. ఎక్కువ.
దీర్ఘచతురస్రం చుట్టుకొలత 28 మీ., వైశాల్యం 48 చ.మీ.
దీర్ఘచతురస్రం చుట్టుకొలత 28 మీ., కర్ణం 10 మీ.

మూడింటికీ జవాబు ఒకటే: 8 మీ., 6 మీ. కానీ మొదటిది రెండు రేఖీయ సమీకరణాల జత, రెండోది వర్గ సమీకరణం, మూడోది పైథాగరస్‌తో మొదలై వర్గ సమీకరణంలో తేలుతుంది. ఈ తేడా పట్టుకోవడం విడిగా నేర్పాలి. వేర్వేరు అధ్యాయాల నుంచి పది ప్రశ్నలు చీటీల మీద రాసి కలిపేయండి. సాధించనక్కర్లేదు. ఇది ఏ అధ్యాయం, మొదటి లైను ఏమిటి, అంతవరకే రాయాలి. పది చీటీలకు 15 నిమిషాలు. వారంలో నాలుగు రోజులు చేయిస్తే ఆ "ఆగిపోవడం" తగ్గుతుంది.

రెండు గంటల్లో మొదటి 20 నిమిషాలు పాత తప్పుల లెక్కలు, 60 నిమిషాలు ఆరోజు అధ్యాయం, 25 నిమిషాలు కలగలుపు ప్రశ్నలు, చివరి 15 తప్పుల నోటుబుక్కు. ఎన్ని లెక్కలని లెక్కపెట్టకండి, పన్నెండయినా చాలు. ప్రతి ఆదివారం గడియారం పెట్టి ఒక పూర్తి పేపరు, మధ్యలో లేవకుండా.

అధ్యాయం విషయానికొస్తే: కారణాంకాలుగా విడగొట్టడం, భిన్నాలు, రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు ముందు. శ్రేఢులు, నిరూపక జ్యామితి, త్రికోణమితి, చివరికి క్షేత్రమితి కూడా వీటి మీదే నడుస్తాయి. ఇక్కడ కుంటితే అన్నిచోట్లా కుంటుతుంది.

జవాబు 2: కోణమానిని

గుర్తుల తప్పుల గురించి. "జాగ్రత్తగా చెయ్యి" అంటే ఏ పిల్లకూ ఉపయోగపడదు. జాగ్రత్త ఎక్కడ పడాలో చెప్పాలి. తప్పు పుట్టే చోట్లు నిజానికి కొన్నే.

బ్రాకెట్ ముందు మైనస్. 5 − 2(ఎక్స్ − 3) ని 5 − 2ఎక్స్ − 6 అని రాసేస్తారు. కొందరు 5 లోంచి 2 తీసేసి 3(ఎక్స్ − 3) అంటారు. సరైనది 11 − 2ఎక్స్. అనుమానం వస్తే ఎక్స్ చోట ఒక అంకె పెట్టి చూడటమే: 3 పెడితే అసలు రాశి 5, మన జవాబు 11 − 6 = 5, సరిపోయింది. తప్పు జవాబుల్లో ఒకటి −7, ఇంకోటి 0 ఇస్తాయి. పది సెకన్ల పని. (ఎ + బి)² ను ఎ² + బి² అని రాసే అలవాటును కూడా ఇదే పట్టిస్తుంది.

వర్గ సమీకరణ సూత్రంలో "−బి". 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 లో బి అంటే −7, కాబట్టి −బి అంటే +7. విచక్షణి (బి² − 4ఎసి) 49 − 24 = 25, మూలాలు (7 ± 5)/4, అంటే 3, 1/2. ఇక్కడ −7 రాసేస్తే −1/2, −3 వస్తాయి. సరిచూడటానికి చాలామంది మూలాల లబ్ధం ఒక్కటే చూస్తారు. తప్పు మూలాల లబ్ధం కూడా 3/2 యే కాబట్టి అది ఈ తప్పును పట్టదు! మొత్తం కూడా చూడాలి, అది −బి/ఎ, అంటే 7/2 రావాలి: 3 + 1/2 = 7/2, సరే. −1/2 − 3 = −7/2, దొరికింది.

ఎక్స్² = 5ఎక్స్ ఇస్తే రెండువైపులా ఎక్స్‌తో కొట్టేసి ఎక్స్ = 5 అని ఆపేస్తారు. 0 అనే మూలం పోయింది. అన్నీ ఒకవైపు తెచ్చి ఎక్స్(ఎక్స్ − 5) = 0 అనే రాయాలి.

శ్రేఢుల్లో పదాల సంఖ్య. 100కీ 500కీ మధ్య 7 గుణిజాలెన్ని? మొదటిది 105, చివరిది 497. (497 − 105)/7 = 56 దగ్గర ఆగిపోతారు. అవి పదాల మధ్య ఉన్న ఖాళీలు. పదాలు 57.

రాసే పద్ధతి కూడా మార్పించండి. ఒక లైనులో ఒకే పని. గుణించడం, అవతలి వైపుకు తేవడం, కొట్టివేత, ఈ మూడూ ఒకే లైనులో చేస్తే ఎక్కడ పోయిందో తర్వాత వెతికినా దొరకదు. సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉండాలి. చిత్తు పని అదే పేజీలో కుడివైపు గీత కొట్టి చేయాలి, వేరే కాగితం మీద చేస్తే అక్కడి నుంచి ఎక్కించేటప్పుడు అంకెలు మారిపోతాయి. కాలిక్యులేటర్ లేదు కాబట్టి 25 వరకు వర్గాలు, 10 వరకు ఘనాలు, √2 = 1.414, √3 = 1.732 నోటికి రావాలి.

జవాబు 3: పట్టికలరాయుడు

సాంఖ్యకశాస్త్రంలో సూత్రం సరిగ్గా ఉండి జవాబు తప్పిందంటే సూత్రంలో పెట్టిన అంకె వేరే అడ్డువరస నుంచి వచ్చిందన్నమాట. ఒకే పట్టిక మీద సగటు, మధ్యగతం, బాహుళకం మూడూ చేయించి చూడండి.

తరగతులు 0–10, 10–20, 20–30, 30–40, 40–50. పౌనఃపున్యాలు వరసగా 5, 8, 15, 16, 6. మొత్తం 50.

సగటు: మధ్య విలువలు 5, 15, 25, 35, 45. 25ను ఊహించిన సగటుగా తీసుకుంటే విచలనాలు, తరగతి పొడవు 10 తో భాగించాక, −2, −1, 0, 1, 2. లబ్ధాలు −10, −8, 0, 16, 12, మొత్తం 10. 25 + (10/50) × 10 = 27. ఇక్కడ చివరి 10, అంటే తరగతి పొడవు, గుణించడం మరిచిపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళకు 25.2 వస్తుంది, అది చూడటానికి నమ్మకంగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు.

మధ్యగతం: సంచిత పౌనఃపున్యాలు 5, 13, 28, 44, 50. సగం 25, అది 20–30 తరగతిలో పడుతుంది. సూత్రంలో పెట్టాల్సింది దాని ముందు తరగతి సంచిత పౌనఃపున్యం 13. 20 + ((25 − 13)/15) × 10 = 28. అదే తరగతి పక్కనున్న 28ని పెడితే 18 వస్తుంది. మధ్యగత తరగతి 20 దగ్గర మొదలైనప్పుడు జవాబు 18 ఎలా అవుతుంది? జవాబు ఆ తరగతి లోపలే ఉండాలి. ఈ ఒక్క పరీక్షతో సగం తప్పులు దొరుకుతాయి.

బాహుళకం: ఎక్కువ పౌనఃపున్యం 16, తరగతి 30–40. ముందుది 15, తర్వాతది 6. 30 + (1/(32 − 15 − 6)) × 10 = 30 + 10/11, సుమారు 30.9. ముందు వెనకలు తారుమారు చేస్తే 30 + 100/11, అంటే సుమారు 39.1 వస్తుంది. ఇదీ తరగతి లోపలే ఉంది కాబట్టి ఇందాకటి పరీక్ష దీన్ని పట్టదు. అప్పుడు ఇలా చూడాలి: పక్క తరగతుల్లో బరువు ఎటుంటే బాహుళకం అటు జరుగుతుంది. 15 వైపు బరువుంది కాబట్టి 30కి దగ్గరగా ఉండాలి. 3 × మధ్యగతం − 2 × సగటు = 84 − 54 = 30, ఇది కూడా ఉజ్జాయింపుగా దగ్గర్లోనే ఉంది. ఇది సరిచూసుకోవడానికే, అడిగితే తప్ప జవాబుగా రాయకూడదు.

తరగతులు 1–10, 11–20 అని మధ్యలో ఖాళీతో ఇస్తే మధ్యగతానికీ బాహుళకానికీ దిగువ హద్దు 0.5, 10.5 అని సరిచేయాలి. సగటుకు ఆ పని లేదు, మధ్య విలువ ఎలాగూ 5.5 యే.

ఓజీవ్ (సంచిత పౌనఃపున్య వక్రం) గీసేటప్పుడు "కన్నా తక్కువ" వక్రానికి ఎగువ హద్దులు, "కన్నా ఎక్కువ" వక్రానికి దిగువ హద్దులు. మధ్య విలువల దగ్గర చుక్కలు పెడితే వక్రం పక్కకు జరిగిపోతుంది.

తెల్లకాగితం

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. వర్గమూలం గారు చెప్పినట్టు మూడు పేపర్లకీ అక్షరాలు వేశాను. పోయిన 135 మార్కుల్లో "మొ" 54, "లె" 47, "టై" 25, "సూ" 9. సూత్రాలే మళ్ళీ మళ్ళీ చదివిస్తున్నాను ఇన్నాళ్ళూ! క్షేత్రమితి, త్రికోణమితి గురించి కూడా ఎవరైనా చెప్తారా? అలాగే ఆ 25 మార్కుల టైం సంగతి.

జవాబు 4: శంకుస్థూపం

క్షేత్రమితిలో మొదటి ప్రశ్న ఎప్పుడూ "పైకి కనిపించే తలాలు ఏవి?" అన్నదే. అర్ధగోళం మీద శంకువు పెట్టిన బొమ్మ, రెండింటి వ్యాసార్ధం 3 సెం.మీ., శంకువు ఎత్తు 4 సెం.మీ. ఏటవాలు ఎత్తు 5. బొమ్మ ఉపరితలం అంటే శంకువు వక్రతలం 15, అర్ధగోళం వక్రతలం 18, మొత్తం 33 రెట్లు "పై". రెండింటి సంపూర్ణతల వైశాల్యాలు కలిపితే 24 + 27 = 51 రెట్లవుతుంది. లోపల అతుక్కుపోయిన రెండు వృత్తాలు, 9 + 9, అదనంగా చేరిపోయాయి. ఘనపరిమాణానికి ఈ బాధ లేదు: 12 + 18 = 30 రెట్లు, సూటిగా కలపడమే. అందుకే పిల్లలకు ఘనపరిమాణం వచ్చి వైశాల్యం తప్పుతుంది.

"పై" విలువ చివరి లైను దాకా పెట్టనివ్వకండి. ఉమ్మడిగా బయట ఉంచి, చివర్లో ఒక్కసారి 22/7 తో గుణించాలి. కరిగించి పోతపోసే లెక్కల్లో అయితే రెండువైపులా కొట్టుకుపోతుంది. 6 సెం.మీ. వ్యాసార్ధమున్న గోళాన్ని 1 సెం.మీ. గోళాలుగా చేస్తే 6³ = 216, అంతే. అక్కడ 22/7 పెట్టి గుణించడం మొదలుపెడితే ఐదు నిమిషాలు పోతాయి.

వ్యాసమిచ్చినప్పుడు ప్రశ్నలోనే ఆ మాట కింద గీత గీసి, పక్కన వ్యాసార్ధం రాసుకోవాలి. గోళం ఘనపరిమాణంలో ఇది మరిచిపోతే జవాబు ఎనిమిది రెట్లవుతుంది. ప్రమాణాలు లెక్క మొదట్లోనే ఒకటి చేయాలి. 1 చ.మీ. = 10,000 చ.సెం.మీ., 1 ఘ.మీ. = 10,00,000 ఘ.సెం.మీ., 1 లీటరు = 1000 ఘ.సెం.మీ.

త్రికోణమితిలో ఎత్తులు, దూరాల లెక్కలకు పటమే ప్రాణం. నిమ్నకోణం పైనున్న మనిషి కంటి దగ్గర, క్షితిజ సమాంతర రేఖ నుంచి కిందికి కొలుస్తారు. గోడ నుంచి కాదు. 60 మీ. భవనం పైనుంచి కారు 30° నిమ్నకోణంలో కనిపిస్తే దూరం 60√3, సుమారు 104 మీ. కోణాన్ని గోడ పక్కన పెట్టేసినవాళ్ళకు 20√3, సుమారు 35 మీ. వస్తుంది. కోణం 45° కన్నా తక్కువైతే దూరం ఎత్తు కన్నా ఎక్కువుండాలి, ఎక్కువైతే తక్కువుండాలి. ఇది చూస్తే చాలు.

సర్వసమీకరణాల నిరూపణకు చిక్కుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి, అన్నీ సైన్, కాస్‌లుగా మార్చడం ఎక్కువసార్లు దారి చూపిస్తుంది. నిరూపించాల్సినదాన్నే మొదటి లైనులో నిజమన్నట్టు రాసి రెండువైపులా కొట్టుకుంటూ పోతే మార్కులు పోతాయి. హారంలో 1 + సైన్ ఉంటే పైనా కిందా 1 − సైన్‌తో గుణించడం గుర్తుండాలి.

జవాబు 5: మూడుగంటలు

వర్గమూలం గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. మొదటి రెండు వారాలు ఆదివారం పేపరు వద్దు. చేతిలో ఇప్పటికే మూడు పేపర్లున్నాయి, వాటిలోని తప్పులే ఇంకా దిద్దుకోలేదు. ఇప్పుడు నాలుగోది రాస్తే మళ్ళీ 55 వస్తుంది, పిల్ల మనసు చిన్నబుచ్చుకుంటుంది, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మూడో వారం నుంచి రాయించండి. రాసిన మర్నాటి రెండు గంటలూ ఆ పేపరు దిద్దుకోవడానికే ఇవ్వండి. దిద్దని పేపరు రాయనట్టే.

టైం లెక్క ఇది. 180 నిమిషాల్లో 10 చదవడానికి, 15 చివర్లో సరిచూడటానికి తీసేస్తే 155. అంటే మార్కుకు ఒకటిన్నర నిమిషం. 4 మార్కుల ప్రశ్నకు 6 నిమిషాలు. 8 నిమిషాలైనా తేలకపోతే అక్కడే సగం పేజీ ఖాళీ వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోవాలి. ఇది ఇంట్లో అలవాటైతేనే హాల్లో చేయి కదులుతుంది. వదిలేసే ముందు ఇచ్చినవి, పటం, సూత్రం రాసి వదలాలి. దశలవారీగా మార్కులిచ్చే పేపర్లో ఖాళీ పేజీకి సున్నా, సూత్రంలో అంకెలు పెట్టిన రెండు లైన్లకు ఎంతో కొంత.

నిర్మాణాలు ఎవరూ ముట్టుకోలేదు, అవి దాదాపు ఖాయంగా వచ్చే మార్కులు. త్రిభుజాన్ని 3/4 రెట్లకు తగ్గించాలంటే కిరణం మీద 4 చుక్కలు, నాలుగోదాన్ని భుజం చివరతో కలిపి, మూడోదాని నుంచి దానికి సమాంతరం. 5/3 రెట్లయితే 5 చుక్కలు, మూడోదాన్ని కలిపి, ఐదోదాని నుంచి సమాంతరం. ఎప్పుడైనా కలపాల్సింది హారం చుక్కనే. వృత్తానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీశాక స్కేలుతో కొలవాలి: వ్యాసార్ధం 6, కేంద్రం నుంచి దూరం 10 అయితే పొడవు 8 సెం.మీ. రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే వృత్తలేఖిని మర వదులైనట్టే, ముందురోజే బిగించుకోవాలి. చాపాలు చెరపకూడదు.

తెల్లకాగితం

పాప అడుగుతోంది: చివరి రెండు రోజులు ఏం చేయాలి? మొత్తం తిరగేయాలా?

జవాబు 6: వర్గమూలం

పేపరు విషయంలో మూడుగంటలు గారు అన్నది సబబే, మూడో వారం నుంచే పెట్టండి.

చివరి రెండు రోజులు పాఠ్యపుస్తకం పక్కన పెట్టేయండి. తప్పుల నోటుబుక్కు ఒక్కటే చాలు. అందులోని "ఏ లైను కోసం పుస్తకం తెరిచానో" వాక్యాలన్నీ చదివి, ఇంకా అనుమానంగా ఉన్నవి పది ఏరి, ఆ పది లెక్కలే పూర్తిగా రాయాలి. ముందురోజు సాయంత్రం ఒక తెల్ల కాగితం ఇచ్చి సూత్రాలన్నీ చూడకుండా రాయమనండి. త్రికోణమితి పట్టిక మరిచిపోతుందని భయముంటే 0, 1, 2, 3, 4 వరసగా రాసి, ఒక్కోదాన్ని 4 తో భాగించి వర్గమూలం తీస్తే 0°, 30°, 45°, 60°, 90° ల సైన్ విలువలు వచ్చేస్తాయి. కాస్ అదే వరస తిరగేసి. హాల్లో పేపరు చేతికి రాగానే చిత్తు పనికి గీత కొట్టిన చోట ముందు ఆ ఐదు విలువలూ రాసేసుకోమనండి.